నూకరత్నంగారి బోణీ

1983 మాఘమాసం. రాజమండ్రి మెయిన్ రోడ్డులో మా బట్టల షాపు. 'మా' అంటున్నాను గానీ అది నాది కాదు, షావుకారు విశ్వనాథంగారిది. నేను అందులో పద్నాలుగేళ్ళ నుంచి సేల్స్‌మన్‌ని. ఆ రోజుల్లో పెద్ద బట్టల షాపంటే అద్దాల బల్లలూ కుర్చీలూ కాదు. ఈ గోడ నుంచి ఆ గోడదాకా తెల్ల దుప్పటి పరిచిన పరుపులు ఉండేవి. కొనేవాళ్ళు గుమ్మంలో చెప్పులు విడిచి వచ్చి బాసింపట్టు వేసుకుని కూర్చుంటే, మేము ఎదురుగా కూర్చుని చీరలు విప్పి వాళ్ళ ముందుకి విసిరేవాళ్ళం. చీర గాలిలో విచ్చుకుని, సరిగ్గా అంచూ పమిటా కనబడేలా పడాలి. అందులో నాకు మంచి పేరుండేది. ఆ పేరు గురించి నేనే నలుగురికీ ఎక్కువ చెప్పుకునేవాణ్ణి కూడా.

ఆ ఏడాది షావుకారుగారు భీమవరంలో బ్రాంచి తెరుస్తున్నారు. ఆయనకి కొడుకులు లేరు, అల్లుళ్ళ వ్యాపారాలు వేరు. అందుకని మేనేజర్ కావాలని పేపర్లో ప్రకటన ఇచ్చారు. బట్టల షాపుకి మేనేజర్ని పేపర్లో వెతకడం మా బజారులో అదే మొదలు. పక్క షాపులవాళ్ళు వారం రోజులు నవ్వుకున్నారు. ముప్పైకి పైగా అప్లికేషన్లు వచ్చాయి. నేనూ ఒకటి పెట్టాను. రోజూ ఎదురుగా కూర్చునే మనిషికే 'అయ్యా' అని మొదలుపెట్టి, తెల్లకాగితం మీద మార్జిను గీసి మరీ రాశాను.

షావుకారుగారు ముగ్గుర్ని మిగిల్చారు. కాకినాడ నుంచి ఎంకామ్ చదివిన కుర్రాడు, నేను, నరసాపురం వైపు నుంచి నూకరత్నం అనే ఆవిడ.

"ప్రశ్నలడిగితే అందరూ బాగానే చెబుతారయ్యా. తలా ఒక పొద్దున బోణీ చేయండి, నేను గల్లాపెట్టె దగ్గర కూర్చుని చూస్తాను" అన్నారాయన.

బోణీ అంటే ఆ రోజు మొదటి అమ్మకం. ఆ మొదటి బేరం ఉత్త చేతులతో వెనక్కి వెళ్ళకూడదు. ఆ డబ్బుని కళ్ళకద్దుకుని గానీ పెట్టెలో వేయరు. రోజంతా వ్యాపారం ఎలా సాగుతుందో దాన్నిబట్టే ఉంటుందని నమ్మకం. కొన్నిరకాల బేరాలు బోణీకి పనికిరావని కూడా ఉండేది. ఆ మాట ఎవరూ పైకి అనరు. సరుకు ఇంకా విప్పలేదండీ, మధ్యాహ్నం రండి అని మర్యాదగా పంపేస్తారు. షావుకారుగారికి ఈ పట్టింపు మిగతావాళ్ళ కంటే నాలుగాకులు ఎక్కువే.

సోమవారం కాకినాడ కుర్రాడి వంతు. పాపం, అతనికి తువ్వాళ్ళ కోసం వచ్చిన రైతు దొరికాడు. అతను ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పి రెండు తువ్వాళ్ళు అమ్మాడు. మంగళవారం నాది. నా అదృష్టం కొద్దీ పెద్దాపురం నుంచి పెళ్ళివారు వచ్చారు. నేను విసిరాను చూడండి చీరలు, షాపులో మిగతా సేల్స్‌మన్లు కూడా పని మానేసి చూశారు. పదకొండు పట్టుచీరలు తెగాయి. షావుకారుగారు నా వైపు చూసి తలూపారు. ఇంటికి వెళ్ళి మా ఆవిడతో భీమవరంలో ఇల్లు చూసుకోవాలని చెప్పేశాను. "అక్కడ నీళ్ళు ఉప్పగా ఉంటాయటగా" అంది. "మేనేజర్ భార్యకి ఉప్పగా ఉండవులే" అన్నాను.

బుధవారం నూకరత్నంగారు వచ్చారు. ముప్పై అయిదేళ్ళుంటాయి. పొడుగాటి మనిషి, గంజి పెట్టిన నేతచీర. సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం వాళ్ళది. ఈవిడ మాత్రం చేపల తట్టకి బదులు బట్టల మూట నెత్తికెత్తుకుని, పదకొండేళ్ళు లంక గ్రామాల్లో ఇల్లిల్లూ తిరిగి చీరలు అమ్మారు. ఆ తర్వాత మూడేళ్ళు ఒక సహకార స్టోరులో బట్టల విభాగం చూశారు. ఆ స్టోరు మూతపడి ఆర్నెల్లయింది. మళ్ళీ మూట ఎత్తితే మెడనరం శాశ్వతంగా దెబ్బతింటుందని డాక్టరు చెప్పాడట. ఇద్దరు పిల్లలు హైస్కూల్లో ఉన్నారు. ఇవన్నీ అప్లికేషన్లో రాసినవే. ఈ ఉద్యోగం నాకు హోదా, ఆవిడకి అన్నం. అది తెలిసి కూడా ఆవిడ బేరం చెడితే బాగుండునని లోపల అనుకున్నాను. ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు.

బీరువాల్లో ఏ చీర ఎక్కడుందో ఆవిడకి తెలియదు గనక నన్ను సాయం కూర్చోమన్నారు షావుకారుగారు.

ఎనిమిదింపావుకి ఒక పెద్దాయన వచ్చాడు. అరవై దాటి ఉంటాడు. ఉతికిన పంచె, భుజాన కండువా, చంకలో గొడుగు. గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. సాయం కూర్చోమన్నవాణ్ణి సాయంగా కూర్చోవచ్చు కదా! నోరు ఊరుకుంటేనా!

"రండి బాబుగారూ, రండి! చెప్పులు అక్కడ విడిచి లోపలికొచ్చి కూర్చోండి. పెళ్ళి చీరలాండి? ముహూర్తం ఎప్పుడండీ?"

ఆయన నా వైపు చూసి, చూపు పక్కకి తిప్పుకున్నాడు. "ఒక్క చీర కావాలండి. మంచిదే" అన్నాడు.

"పెళ్ళికూతురికేనాండి?" అంటూనే నేను ఎర్రంచు పట్టుచీర ఒకటి విసిరాను. నా విసురు ఎప్పుడూ తప్పదు. అది విచ్చుకుంటూ వెళ్ళి సరిగ్గా ఆయన కాళ్ళ ముందు పడింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

నూకరత్నంగారు లేచి నిలబడ్డారు. మా షాపులో అమ్మేవాళ్ళు పరుపు మీంచి లేవడమన్నది లేదు. ఆవిడ వెళ్ళి నా ఎర్రంచు చీరని ఒక్క మడత వేసి, కనబడకుండా నా వెనక పెట్టారు. నూలుచీరల బీరువా ఎటు అని కళ్ళతోనే అడిగి, తనే వెళ్ళి మూడు చీరలు తీశారు. వాటిని విప్పలేదు. మడతల మీదే ఎడమ చేతి మీద వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి, మెట్టు దిగి ఆయన పక్కన నిలబడ్డారు. ధర చెప్పలేదు. ఎవరికని అడగలేదు.

"బస్సుకి టైముందాండి?" అన్నారు.

"తొమ్మిదిన్నరకమ్మా. జంగారెడ్డిగూడెం."

"చాలా ఉందండి. నిదానంగా చూడండి."

ఆయన మొదటి చీర మీద వేలు పెట్టి తీసేశాడు. రెండోదాన్ని చూశాడు. "మరీ తెల్లగా ఉందేమో" అన్నాడు. కండువాతో మొహం తుడుచుకుని, "మా చెల్లెలికి చిన్నప్పట్నించీ నీలం ఇష్టమండి" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. చెల్లెలి భర్త పోయాడు. పదోరోజున పుట్టింటివాళ్ళు ఆమెకి చీర పెట్టాలి. ఆ చీర కొనడానికి వచ్చాడాయన. ఆయన్నే నేను ముహూర్తం ఎప్పుడని అడిగాను.

నూకరత్నంగారు మూడో చీరని పైకి తీసి, మడత కొద్దిగా పక్కకి జరిపారు. లేత బూడిదరంగు. చిటికెనవేలు కంటే సన్నగా నీలం గీత అంచు.

"ఇది తీసుకోండి. అంచు సన్నం, పెద్దవాళ్ళెవరూ తప్పు పట్టరు. తర్వాత కూడా కట్టుకుంటారండి."

ఆయన తలూపాడు. తర్వాత కూడా అన్న మాట దగ్గర ఆయన మొహంలో ఏదో సర్దుకుంది. ఎందుకో చెప్పలేను గానీ, గుడిలో హారతి ఇస్తున్నప్పుడు కదలకుండా నిలబడిపోతాం చూడండి, నేను అలా ఉండిపోయాను.

ఉండిపోయినవాణ్ణి ఉండిపోయినట్టే ఉంటే బాగుండేది. చీర నా చేతికి వచ్చేసరికి, పద్నాలుగేళ్ళ అలవాటు కదా, చేతులు వాటంతటవే పని మొదలుపెట్టాయి. మా షాపులో ప్రతి చీరతోనూ ఒక రవికెల గుడ్డ, ఒక కుంకుమ పొట్లం పెట్టి, పెళ్ళికూతురి బొమ్మ ఉన్న సంచిలో వేసి ఇస్తాం. నా చెయ్యి పొట్లాల డబ్బాలోకి వెళ్ళింది, పొట్లం పైకి వచ్చింది. ఆవిడ నా చేతిని తన అరచేత్తో కప్పేసి అలాగే కిందికి దించారు. పక్కనున్న తెల్ల కాగితం లాగి, అందులో చీర చుట్టి, దారం కట్టి ఇచ్చారు. గుమ్మంలో ఉన్న ఆయనకి ఇదేమీ కనబడలేదు.

డబ్బు ఇచ్చాక మేమందరం అనాల్సిన మాట 'మళ్ళీ రండి'. ఆవిడ అది అనలేదు. "బస్సు అందుతుందండి, నెమ్మదిగా వెళ్ళండి" అన్నారు. ఆయన గొడుగు చంకలో సర్దుకుని, ఆవిడకి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

షావుకారుగారి చేతిలో ఆ నోట్లు అలాగే ఉన్నాయి. కళ్ళకద్దుకోలేదు, పెట్టెలో వేయలేదు.

"అమ్మా, అది ఏ చీరో తెలిసే అమ్మావా?" అన్నారు.

"తెలిసేనండి."

"బోణీ అని కూడా తెలుసుగా?"

"తెలుసండి. మధ్యాహ్నం రమ్మని చెప్పచ్చండి. ఆ మాట ఆయనతో ఎలా అనాలో నాకు చేతకాలేదండి. దోషం ఏదన్నా ఉంటే నా బోణీ కదండీ, నాకే తగులుద్ది. ఉద్యోగం రాదని తెలుసండి. సెలవిప్పిస్తే పదిగంటల బస్సుకి పోతాను."

షావుకారుగారు చేతిలోని నోట్ల వైపు చూశారు.

"ఆరేళ్ళ కిందట మా బావగారు పోయారు. చెల్లెలికి చీర పెట్టాలి. ఇన్ని చీరలున్నాయి గదా, నా షాపులోంచి తీసుకెళ్ళడానికి పట్టింపు అడ్డొచ్చింది. పనిగట్టుకుని వేరే ఊరు వెళ్ళి కొన్నాను. ఆ షాపతను డబ్బు తీసుకుని నవ్వుతూ మళ్ళీ రండి అన్నాడు. అతని తప్పేముంది, మనమూ అదే అంటాం. ఆ మాట ఆరేళ్ళుగా నా చెవిలో ఉందమ్మా."

నోట్లని రెండు కళ్ళకీ అద్దుకుని పెట్టెలో వేశారు. "భీమవరంలో ఇల్లు చూసుకో. పిల్లల్ని జూన్లో అక్కడి స్కూల్లో చేర్పించు" అన్నారు.

నూకరత్నంగారు పరుపు అంచున కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

నాకు బాధ లేదని చెబితే అబద్ధం. మధ్యాహ్నం దాకా మొహం మాడ్చుకున్నాను. భోజనాల వేళ అరుగు మీద ఆవిడ కనిపిస్తే వెళ్ళి అడిగేశాను.

"అదెలా తెలిసిందండీ మీకు? ఆయన ఒక్క ముక్క చెప్పలేదు కదా!"

"మన వైపు మగవాళ్ళు ఆడవాళ్ళని వెంటబెట్టుకోకుండా చీరల షాపు గుమ్మం తొక్కుతారాండీ? తొక్కితే కొత్త పెళ్ళికొడుకన్నా అయ్యుండాలి, లేకపోతే ఇలాంటి పనన్నా అయ్యుండాలి. ఆయన వయసు చూస్తే పెళ్ళికొడుకు కాదు కదండీ" అని చిన్నగా నవ్వారు. "కూర్చోనూ లేదు. సంతోషంగా కొనేవాళ్ళు ముందు కూర్చుంటారండి. మూట మోసుకుని తిరిగినన్నాళ్ళూ నేను చీరల్ని చూసింది తక్కువండి. అరుగు మీద మనిషి ఎలా ఉన్నాడో చూసుకుని గానీ మూట దింపేదాన్ని కాదు."

పద్నాలుగేళ్ళు నేను చీర ఎక్కడ పడుతుందో చూశాను. ఎవరి ముందు పడుతుందో చూడలేదు. షావుకారుగారు మర్నాడు నన్ను పిలిచి, ఆవిడ కింద సీనియర్‌గా భీమవరం వెళతావా అని అడిగారు. ఆడమనిషి కింద పనేమిటని మా బావమరిది ఎగిరాడు. నేను వెళ్ళాను. తొమ్మిదేళ్ళు చేశాను. చీరలు విసరడం మానలేదు గానీ, విసిరే ముందు ఒక్క క్షణం ఆగడం నేర్చుకున్నాను. పిల్లలు ఉద్యోగాల్లో స్థిరపడి ఆవిడ పని మానుకున్నాక ఆ కుర్చీలో నేనే కూర్చుని చాలామందిని ఇంటర్వ్యూ చేశాను. చీరల గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. గుమ్మంలోంచి వచ్చే మనిషిని చూపించి, ఏం కనబడుతోందో చెప్పమనేవాణ్ణి.

భీమవరం వెళ్ళిన మొదటి ఏడాదే ఒక మధ్యాహ్నం బేరాల్లేక కూర్చున్నప్పుడు ఆవిడకి ఒక సంగతి చెప్పాను. నేను రాజమండ్రి షాపులో చేరిన రెండో ఏడు, ఒకాయన ఒంటరిగా వచ్చి తెల్లచీర కొనుక్కుని వెళ్ళాడు. పది నిమిషాల్లో తిరిగొచ్చి, నేను సంచిలో పెట్టిన కుంకుమ పొట్లాన్ని పరుపు మీద పెట్టి వెళ్ళిపోయాడు. మర్చిపోయాడనుకుని నేను రోడ్డు మీద పరిగెత్తి, "బాబుగారూ, ఇది మీదేనండీ" అని మళ్ళీ ఆయన చేతిలో పెట్టాను. ఆ పెద్దాయన బోణీకి వచ్చిన రోజు దాకా అది నాకు గుర్తుకే రాలేదు. ఆ తర్వాత గుర్తురాని రోజు లేదు.

నూకరత్నంగారు మడతపెడుతున్న చీరని ఒళ్ళో దించుకున్నారు.

"ఆయనేమన్నారండీ?"

"ఏమీ అనలేదండి. తీసుకుని జేబులో పెట్టుకున్నాడు."

"మీకు తెలియదని ఆయనకి తెలిసిందండి. అందుకే తీసుకున్నారు."