ఫ్యాన్ బెల్టు నోరు మూయించిన ఫలితం

నిన్న పొద్దున ఏమైందో ఎరుకనా? ఖాళీ క్యాన్లు వేసుకొని పాలకేంద్రానికి పోయిన! చాయ్ తాగుకుంట వినుండ్రి. నవ్వితే మాత్రం మీ చాయ్ మీరే కొనుక్కోవాలె.

నాది పాల బండి కదా. కోటగిరి దిక్కు ఐదు ఊర్లు తిరిగి, ఇంటింటి పాలు పోయించుకొని, ఎనిమిదిలోపల బాన్సువాడ కేంద్రంల దించాలె. ఎనిమిది దాటిందా, గేటు బంద్! ఇగ ఆ పాలు నా నెత్తిన పోసుకోవాల్సిందే. బండేమో నా పెండ్లికంటే పాతది. ఏడాది సంది దాని ఫ్యాన్ బెల్టు ఒకటే కీసుకీసుమని మొత్తుకుంటుంది.

మొన్న మా బామ్మర్ది వచ్చి, "బావా, నీ బండి వస్తుంటే పందిని పట్టుకపోతున్నట్టే ఉంటది" అన్నడు. అది గూడ మా ఆమె ముందట! ఇగ నాకు రోషం రాదా? మెకానిక్ దగ్గరికి పోతే ఇయ్యాల, రేపు అని తిప్పుతడు. కొత్త బెల్టు తెచ్చి, ఫోన్ల వీడియో పెట్టుకొని, నేనే పనిల పడ్డ. డైనమో బోల్టు వదులు చేసుడు, రాడుతోని ఎత్తిపట్టుడు, బెల్టు ఎక్కించి బిగించుడు. రెండు వేళ్ల తోలు లేచింది. కానీ స్టార్ట్ చేస్తే కీసుమన్న సప్పుడే లేదు! నా భుజం నేనే తట్టుకున్న. వీడియో తీసి బామ్మర్దికి పంపిన గూడ.

నిన్న ఆరింటికి మొదటి ఊరికి పోయిన. రోజూ నేను ఆగేసరికి అక్కలు గిన్నెలు పట్టుకొని నిలబడి ఉంటరు. నిన్న ఒక్కరు లేరు. హారన్ కొట్టిన. ఒక కుక్క వచ్చి, చూసి పోయింది. ఐదు నిమిషాలు ఆగినంక నాకు తిక్కలేసింది. ఓహో, పాలు ఇంకెవనికో పోస్తుండ్రన్నమాట! పోసుకోండ్రి, నాకేంది! రెండో ఊర్ల గూడ అంతే. మూడో ఊర్ల అంతే. ఒక్క ఇంటి తలుపన్న కొట్టి అడగొచ్చు కదా? అడగను. ముక్కు మీద కోపం నాకు. ఐదు ఊర్లూ దాటి నేరుగా కేంద్రానికి వచ్చిన.

అక్కడి సారు క్యాన్ మూత తీసి లోపలికి చూసిండు, తర్వాత నా మొహం చూసిండు.

"ఏందన్నా, బర్రెలు గూడ సమ్మె చేస్తున్నయా?"

అప్పుడే ఫోన్ మోగింది. మొదటి ఊరి సాయవ్వ.

"ఏడున్నవ్ బిడ్డా? ఏడు కావస్తుంది. గీ పాలు ఏం చెయ్యాలె?"

"నేను వచ్చి పోయిన అవ్వా! హారన్ వినలేదా?"

"పొద్దటి సంది పది బండ్లు కొడ్తయ్ హారన్. నీదేదో నాకేం ఎరుక? నీ బండి కాలువ వంతెన కాడ మొత్తుకుంటే, గప్పుడు లేచి పాలు వడబోసుకొని బయటికొస్త. మా ఊరే కాదు, అన్ని ఊర్లు గంతే. ఇయ్యాల మొత్తుకోనే లేదు కదా!"

ఐదు ఊర్ల పాలు! బండి తిప్పిన. కిటికీలకెళ్లి తల బయటపెట్టి "పాలూ, పాలూ" అని ఒర్లుకుంట మళ్లీ అన్ని ఊర్లు తిరిగిన. అక్కలు తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పలేను. గేటు సగం మూసినంక లోపలికి దూరిన. పాలు దక్కినయ్, పరువు పోయింది.

పాత బెల్టే మళ్లీ వేద్దామంటే, దాన్ని మొన్ననే ముక్కలు కోసి, గుద్దుకోకుండ క్యాన్లకు కట్టేసిన. ఏం చెయ్యాలె? ఇయ్యాల పొద్దున వంతెన కాడ బండి ఆపిన. అటు ఇటు చూసిన. ఎవ్వరూ లేరు. గొంతు పగిలేదాక నోటితోనే "కీఁ... కీఁ... కీఁ!" అని మొత్తుకున్న. నిజంగ! ఊర్లకు పోయేసరికి అక్కలందరూ గిన్నెలతోని తయారు.

సాయవ్వ పాలు పోసి, నా దిక్కు జాలిగ చూసింది.

"బిడ్డా, మొన్నటికంటే ఇయ్యాల మరీ ఘోరంగ ఒర్లుతుంది. గా బెల్టు ఎవరన్న పని వచ్చినోనికి చూపియ్యరాదు?"