పల్లీల కాటా మీద మా అత్త

ఆ రోజుల్లో పిల్లలంతా దయ్యాలకు భయపడితే, నేను మా మేనత్తకు భయపడేదాన్ని. నాయనకు అక్క, మా ఇంట్లోనే ఉండేది. నన్ను ఏనాడూ కసిరింది లేదు, నేనంటే ప్రాణం. నా భయమంతా ఆమె ఒంటిని చూసి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, ఉబ్బిన కాళ్ళు, మధ్యాహ్నం కునుకులో ఉన్నట్టుండి ఆగిపోయే ఊపిరి. పక్కన కూర్చుని, అది మళ్ళీ వచ్చేదాకా అంకెలు లెక్కపెట్టేదాన్ని. ఏడు దాటితే నాకు చెమటలు పట్టేవి.

నేనూ బొద్దుగానే ఉండేదాన్ని. (నాకంటే రెండు రొట్టెలు ఎక్కువ తినే మా అన్న మాత్రం కట్టెపుల్ల.) అమ్మ నన్ను మా ఊరు రాయచూరులోనే ఒక డాక్టరుకు చూపిస్తే, "తిండొక్కటే కాదమ్మా, తండ్రి వైపు నుంచి రక్తంలోనే వచ్చినట్టుంది" అన్నాడాయన. తప్పు తనది కాదని తేలి అమ్మ మొహం వెలిగిపోయింది. నాకు అత్త ఉబ్బిన కాళ్ళు కళ్ళ ముందు మెదిలాయి. తిండి మానేయొచ్చు, రక్తాన్ని ఎట్లా మానేది?

దానికి తోడు మా ఇంటి ఆచారం ఒకటి. గంజ్‌లో, అంటే ధాన్యం మార్కెట్లో, మాకు పల్లీల దుకాణం. సింధనూరు వైపు కాలువ నీళ్ళొచ్చిన కొత్త, పల్లీలకు కొదవ లేదు. ఉగాది నాడు ఇంటి ఆడపిల్లను పెద్ద కాటా మీద కూర్చోబెట్టి, ఎత్తుకు ఎత్తు పల్లీలు హమాలీలకు పంచేవారు. వాళ్ళకు నేనంటే ఎంత ప్రేమో చెప్పలేను! "ఇంకొక రొట్టె తిను చిన్నమ్మా" అని బతిమాలేవారు. నాకు పదేళ్ళు నిండిన ఏడాది నాయనమ్మ, "గీ వయసుల మీ అత్త బస్తాకు బస్తా తూగింది. నీది గూడ గదే ఎముక" అంది. బస్తా తూగానంటే నా పని అయిపోయినట్టే అనుకున్నాను.

పండగ పొద్దున ఏమీ తినకుండా గోదాంలో బస్తాల వెనక దాక్కున్నాను. బయట నాయన కేకలు. తలుపు కిర్రుమంది, వెనకే ఆయాసం. అత్త!

"ఏంది బిడ్డా, గిట్ల నక్కినవ్?"

"నీ లెక్క అయితనని భయమైతుంది అత్తా" అని ఏడ్చేశాను. అనకూడని మాట అన్నానని అన్నాక గానీ తెలియలేదు.

అత్త నా పక్కనే బస్తాకు ఆనుకుని కూర్చుంది. తర్వాత మెల్లగా, "నేను గూడ గీ మూలకే నక్కిన. మా మేనత్త లెక్క అయితనని" అంది.

(రక్తంలో దాక్కునే మూల కూడా వస్తుందని తెలిసి నా ఏడుపు రెట్టింపైంది.)

నా చెయ్యి పట్టుకుని బయటికి నడిపించి, "తమ్మీ, ఇగ పిల్లను తూచకు. నేను గూడ గీ ఇంటి ఆడపిల్లనే గద!" అంటూ తానే కాటా ఎక్కి కూర్చుంది. గొలుసులు మూలిగాయి. అవతల ఒక బస్తా, రెండు, మరికాస్త. హమాలీలు ఈలలు వేశారు. అత్త అందరికంటే ముందే నవ్వింది. నా చెయ్యి మాత్రం కాటా దిగేదాకా వదల్లేదు. ఆ తర్వాత నన్నెవరూ కాటా ఎక్కించలేదు.

ఎక్కించకపోతే ఏమైంది? ఇప్పుడు నేను అచ్చం అత్తనే. మధ్యాహ్నం నడుం వాలిస్తే, బొద్దుగా ఉండే మా మనవరాలు పక్కన చేరి పెదవులు కదుపుతుంటుంది. ఏం లెక్కపెడుతోందో నాకు తెలుసు. అందుకే నిద్ర రాకపోయినా కళ్ళు మూసుకుని, దానికి వినపడేలా గట్టిగా ఊపిరి తీస్తుంటాను.