నిద్ర పట్టని చిక్కుడు తీగ

ఆ రోజుల్లో తేదీ లేని మాటను నేను మాటగానే లెక్కపెట్టేవాణ్ణి కాదు. అపరాల పరిశోధన క్షేత్రంలో తాత్కాలిక సహాయకుణ్ణి. విత్తిన ఎన్నో రోజున ఏ మొక్కకు మొదటి పువ్వు వచ్చిందో రాయడమే నా ఉద్యోగం. (ఇంట్లో పాలు పొంగిన వేళలు కూడా రాసేవాణ్ణని అమ్మ అనేది. అది అతిశయోక్తి, రెండు నెలలే రాశాను.) పెద్ద తీగ చిక్కుడును పొట్టి చిక్కుడుతో సంకరపరచగా నాకు దక్కినది ఒకే ఒక గింజ. క్షేత్రంలోని మేకలను నమ్మలేక, దానిని యాకుత్‌పురాలోని మా పెరట్లో, పొరుగింటి గోడ పక్కన నాటాను. అది కాచి, గింజలు చేతికి వస్తేనే నా రెండేళ్ల శ్రమకు అర్థం.

తీగ గోడెక్కి అవతలికి కూడా దిగింది గాని, మా వైపు మొగ్గ జాడ లేదు. పాల వ్యాపారం చేసే మా నాన్నకు, అంటే బాపుకు, ఆ జాగా కావలసి వచ్చింది. "ఏందిరా, గిది పూసేదేనా? దసరా దాటితే పీకి పారేసి గాడ బర్రెను కట్టేస్త" అన్నాడు. తొలి మొగ్గ విచ్చే ఘడియ తప్పిపోతుందేమోనని నేను పందిరికి పెద్ద బల్బు కట్టి, పొద్దుగూకింది మొదలు తెల్లవారేదాకా వెలిగించాను. ఎరువు మార్చాను, మట్టి పరీక్షించాను. రాత్రి తగినంత దీర్ఘమైతే గాని పూతకు అనుమతి ఇవ్వని జన్యువు ఒకటి చిక్కుడులో ఉన్నదని, సంకరంలో దానిదే పైచేయి అని నాకు కంఠస్థం. ఆ వాక్యాన్ని ఆ బల్బు కిందనే కూర్చుని, ఎర్ర సిరాతో గీత గీసి మరీ చదివాను. చివరకు దోషం పొట్టి చిక్కుడు వంశానిదని నాలుగు పుటల నివేదిక సిద్ధం చేశాను.

దసరా మరునాడు బాపు గడ్డపార ఎత్తాడు. అంతలో గోడ మీదుగా, పిన్ని వరసన మేము ఖాలా అని పిలిచే పొరుగింటావిడ తల కనిపించింది.

"అయ్యో భాయ్, పీకకు! మా దిక్కు మస్తు కాసింది. రెండుసార్లు వండిన."

నేను గోడ దగ్గరికి పరుగెత్తాను. "మరి మా దిక్కు ఎందుకు పూయలేదు ఖాలా?"

"ఎట్ల పూస్తది బేటా? రాత్రంత బల్బు పెట్టి పాపం దాన్ని నిద్రపోనిస్తివా? మా దిక్కు చీకటే గదా."

బాపు గడ్డపార దించి నా వంక చూశాడు. "గింత సదివినవ్, బల్బు ఆర్పుడు తెల్వదారా?"

సిగ్గును దిగమింగి, ఉద్యోగధర్మంగా అడిగాను. "మొదటి పువ్వు ఏ తారీఖున వచ్చింది ఖాలా?"

"పువ్వుకు తారీఖు ఎవరు రాస్తరు బేటా? కాయలైతే కూర చేసినం."

ఆమె కోయక మిగిల్చిన ఆరు కాయలు తీగ మీదే ముదిరి, నాకు ఇరవై రెండు గింజలు ఇచ్చాయి. వాటి సంతతిలో ప్రతి మొక్కకూ మొదటి పువ్వు తేదీ నా పుస్తకంలో ఉంది. వాటన్నిటికీ తల్లి అయిన ఆ ఒక్క తీగ ఎదుట మాత్రం గడి ఖాళీ. అంచనాగా ఒక తేదీ వేసేయవచ్చునని ఈ వయసులోనూ అప్పుడప్పుడు కలం తీస్తాను. పక్కనే ఆనాటి కుర్రవాడి దస్తూరిలో "ఖాలాను మళ్లీ అడగవలెను" అని ఉంటుంది. నవ్వు వచ్చి, కలం మూసేస్తాను.