కుర్చీ మారమనే సుగుణ మేడమ్

సుగుణ మేడమ్ ఇక లేరన్న దుర్వార్త బేగంపేట మెట్రో మెట్లు దిగుతుండగా అందింది. దిగ్భ్రాంతితో రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయాను. నెలల తరబడి ఆస్పత్రుల చుట్టూ తిరిగి అలసిన దేహం ఆమెది. ఈ కబురు ఏదో ఒకరోజు వస్తుందని తెలుసు. తెలిసి ఏం లాభం, మనసు ఒప్పుకోలేదు.

మా ఆఫీసు చిన్నది. బ్లడ్ బ్యాంకుల్లో ఏ రక్తం ఎంత ఉందో, దేనికి ఎప్పుడు గడువు తీరుతుందో చూసి రోజూ పొద్దున్నే ఆస్పత్రులకు రిపోర్టు పంపిస్తాం. ఆ ప్రోగ్రామ్ రాసింది ఆమే. మాకు విద్య నేర్పిన గురుమూర్తీ ఆమే.

మేం వాడే ప్రోగ్రామింగ్ భాషకు స్టార్టప్ ఫైల్ అని ఒకటి ఉంటుంది. తెరవగానే, మనం ఏమీ అడగకముందే, అది చదువుకునే ఫైల్. ఎవరి సౌకర్యాలు వాళ్లు అందులో రాసుకుంటారు. కొత్త మోజులో నేను పేజీలకు పేజీలు నింపాను. నా మొదటి ప్రోగ్రామ్ చూపిస్తే మేడమ్ "కుర్చీ మారు" అన్నారు. అది ఆమె పెట్టిన ఆచారం: పని అయిందన్నవాళ్లు లేచి, పక్కవాళ్ల కంప్యూటర్ మీద నడిపి చూపాలి. నేను రాసుకున్న సౌకర్యాలన్నీ నా స్టార్టప్ ఫైల్లోనే ఉండిపోవడంతో, నాది అక్కడ మొదటి లైన్లోనే ఆగిపోయింది.

"పరేషాన్ కాకమ్మా. నీ మిషన్‌ల నడుసుడు గొప్ప కాదు, పక్కోళ్ల దగ్గర సుత నడవాలె. రేపు మనం లేకుంటె ఎవర్ని అడుగుతరు?" అంటూ పద్మారావు నగర్ నుంచి తెచ్చుకున్న ఉప్మా డబ్బా నా వైపు జరిపారు. ఆమెకు కోపం రాదనుకునేరు, బాగానే వచ్చేది. ఆకలితో ఉన్నవాళ్లను మాత్రం తిట్టేవారు కాదు.

ఈ ఏప్రిల్‌లో ఆస్పత్రి మంచం మీది నుంచి ఫోన్ చేశారు.

"నా రిపోర్టు నీ మిషన్‌ల నడిపి చూసినవా?"

"మీరు రాసింది కదా మేడమ్, ఎందుకు నడవదు?"

"నాదైతే ఏంది? కుర్చీ మారు."

విసుగ్గానే నడిపాను. ఏప్రిల్ ఐదున గడువు తీరిపోయిన రక్తం మే నాలుగు వరకూ పనికొస్తుందని వచ్చింది. తేదీలో మొదటి అంకె రోజు, రెండోది నెల అని చదవమన్న లైను ఆమె స్టార్టప్ ఫైల్లోనే ఉండిపోయింది. ఇన్నాళ్లూ రిపోర్టు ఆమె మిషన్ నుంచే వెళ్లింది కాబట్టి సరిపోయింది; ఆ లైను లేని నా మిషన్ రెండింటినీ తారుమారు చేసింది. ఆ రిపోర్టే వెళ్లి ఉంటే ఎవరి ఒంట్లోకి ఏ రక్తం ఎక్కేదో.

విషయం చెప్పాను.

"తప్పు నాదే. గిన్నేండ్లు నా కుర్చీల నుంచి నేనే లేవలే. ఆ లైను రిపోర్టుల రాయి. నా ఫైల్ సుత తీసెయ్."

అంతటి పాండిత్యం ఉన్న మనిషి అంత తేలిగ్గా తప్పు ఒప్పుకోవడం మళ్లీ చూస్తానన్న ఆశ నాకు లేదు.

దుర్వార్త విన్న ఆ పొద్దున నేను ఆఫీసు చేరేసరికి రిపోర్టు వెళ్లిపోయి ఉంది. ఆమె మిషన్ ఆపేసి ఉంది. వేరే మిషన్ మీద, ప్రతి తేదీ సరిగ్గా, ఎవరూ ఎవరినీ అడగాల్సిన పని లేకుండా వెళ్లింది. ఆమె కోరుకున్నది అదే.

మేడమ్, మీ స్థానం మాలో ఎవరమూ భర్తీ చేయలేం. మీ పాదాలకు నా ప్రణామాలు. చాలా అలసటగా ఉంది. మీరు లేరని దానికీ తెలిసినట్టు, ఆ ఒక్క పూట రిపోర్టు ఆగిపోయి ఉంటే బాగుండేది.