టోపీ సర్దుకునే లాయరు

అమెరికాలో మేముండే అల్ఫారెట్టాకి ఏ చుట్టాలొచ్చినా దగ్గర్లోని పాత కోర్టు మ్యూజియంకి తీసుకెళ్లడం మాకు రివాజు. అందుకే అక్కడి ముసలి గైడు చెప్పే కథ నాకు కంఠతా వచ్చేసింది. ఆయన రెండు వందల ఏళ్ల కిందటి లాయరు వేషం వేసుకుని, తనే ఆ లాయరైనట్టు, అడవుల్లో గుర్రం మీద తిరిగి ఒక వితంతువు పొలాన్ని కోర్టులో ఎలా కాపాడారో కళ్లకు కట్టేవారు.

"ఆ తర్వాత జనం నన్ను శాసనసభకి పంపారు," అని ముగించేవారు. అక్కడేం చేశారని అడిగితే మాత్రం టోపీ సర్దుకుని, "పదండి, జైలు గది చూద్దాం," అనేవారు. ఎన్నిసార్లు వెళ్లినా అదే తంతు! నాకు ఒళ్లు మండేది.

మొన్న మా అత్తగారిని తీసుకెళ్లినప్పుడు మా అమ్మాయి ఆయన్ని వదల్లేదు. ఏ చట్టం చేశారో చెప్పమని జైలు గది దాకా వెంటపడింది. ఆయన చెయ్యి టోపీ మీదికి వెళ్లింది. ఈసారి దాన్ని తీసేశారు.

"ఇక్కడి ఆదివాసులు చెరోకీల భూములు లాక్కుని మా తెల్లవాళ్లకి లాటరీలో పంచే చట్టానికి ఓటేశానమ్మా. ఆ భూములు ఇక్కడివే," అన్నారు.

కారెక్కాక అమ్మాయి అడిగింది.

"నాన్నా, సో... మన హౌస్ కూడా ఆ ల్యాండ్ మీదేనా?"

"ముందు సీట్ బెల్ట్ పెట్టుకో," అన్నాను.