పాటలోంచి తీసేసిన నిషాదం

మొన్న బంజారా హిల్స్‌లో ఒక హోటల్ లాబీలో కాఫీ తాగుతున్నాను. అక్కడి పియానో మీద ఎవరో ఎడమచేత్తో కింది స్థాయిలో నాలుగు మెట్లు ఒక్కసారే నొక్కారు. గుమ్మని మోగింది. కప్పు పట్టుకున్న నా వేళ్ళు బిగుసుకుపోయాయి. ఇంత వయసొచ్చాక కూడా అలాంటి మోత వింటే మణికట్టు మీద పెన్సిల్ దెబ్బ పడుతుందేమోనని భయమే. ఆ పెన్సిల్ నాకు పియానో నేర్పిన సుభద్ర మేడంది. ఆవిడ పోయి చాలాకాలమైంది, భయం మాత్రం పోలేదు.

ఫిల్మ్‌నగర్‌లో ఆవిడ సినిమా పాటలకు పియానో వాయించేవారు, ఏ వాద్యం ఎక్కడ పలకాలో కూర్చిపెట్టేవారు. పుట్టింది పెరిగింది హైదరాబాదులోనే. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు వెనక కిరాయి ఇల్లు, ముందుగదంతా పియానోయే. నేను వెంగళరావు నగర్ నుంచి పాఠానికి బస్సులో వెళ్ళేదాన్ని. అప్పుడు మా వీధిలో పిల్లలంతా కంప్యూటర్ కోర్సుల వెంట పడుతున్నారు. నేనూ పడ్డాను, మాదాపూర్‌లో ఉద్యోగం కూడా వచ్చింది. ఇంతలో మేడం ఒక పాటకి నన్ను పియానో వాయించమన్నారు. మా నాన్న తలుపు దగ్గర నిలబడి తేల్చేశారు: "ఈ ఒక్క రికార్డింగూ అవనీ అమ్మా. అక్కడ నిలబడితే సరే. లేదంటే నోరెత్తకుండా ఉద్యోగంలో చేరిపో."

ఆ పాట నిండా సెవెంత్ కార్డులే. సా, గా, పా, నీ, నాలుగు స్వరాలు కలిపి మోగించడం. పుస్తకంలో ఉన్నట్టే నాలుగూ నొక్కానో లేదో, పెన్సిల్ పడింది.

"ఏందే, గిట్ల మూట గట్టినట్టు అన్ని ఒక్కతాన కుక్కుతవ్? సా బేస్ గిటార్ వాయించెటోడు చూస్కుంటడు. పా ఉన్నా లేకున్నా ఎవ్వరికి ఎరుక గాదు. గా, నీ, ఈ రెండే పట్టు."

"రెండేనా మేడం? బోసిగా ఉంటుందేమో."

"ఉండనియ్. పాడెటోళ్ళకు జర జాగ ఇయ్యాలె గదనే."

కొన్ని వారాలు ఆ రెండు స్వరాలే. ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకి వేలు ఒక్క మెట్టు జరిగితే చాలని ఆవిడ, నాకేమో చెయ్యి ఎగిరి దూకాలని ఆత్రం. ఒళ్ళు మండిపోయేది. కానీ నిజం చెప్పొద్దూ, చెవి తెరుచుకున్నది అప్పుడే. పాట చివర మాత్రం ఆ నీని, అంటే నిషాదాన్ని, కుడిచేత్తో పైన మెరిపించమన్నారు. అక్కడ పాట పా మీద ఆగుతుంది కాబట్టి హాయిగా అతికింది.

రికార్డింగ్ నాడు పొద్దున్నే సంగీత దర్శకుడు ఆ చివరి సంగతి మార్చేశాడు. పాట ఇప్పుడు పై సా మీద ఆగాలి. సినిమా వాళ్ళకిది మామూలే, ఎవరూ పట్టించుకోలేదు. నేను నేర్చుకున్నదే వాయించాను. పాడే అమ్మాయికి అది మొదటి పాట. పై సా అందుకుంది, గొంతు వణికింది, కిందికి జారింది. మళ్ళీ చేశాం, మళ్ళీ జారింది. వయొలిన్ల వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. నాకూ ఆ అమ్మాయే తప్పుతోందనిపించింది. నా ఉద్యోగం, నాన్న మొహం కళ్ళముందు గిర్రున తిరిగాయి.

కంట్రోల్ రూం అద్దం అవతల నుంచి మైకులో దర్శకుడి గొంతు వచ్చింది. "శ్రుతి వినపడట్లేదా అమ్మా నీకు? ఇంకోసారి చూస్తాను, అంతే. కుదరకపోతే వేరే అమ్మాయిని పిలిపిస్తాను."

ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు. అదే మైకులో వెంటనే, ఆయన పక్కనే కూర్చున్న మేడం గొంతు, హాలంతా వినపడేలా:

"పాప తప్పు లేదు సార్. మీరు సంగతి మార్చిండ్రు. ఆమె సా పట్టుకుంటే పక్కనే పియానోల నీ నిలవడి గొంతును గుంజుతున్నది. ఆ కార్డు పెట్టింది నేను. పొద్దున చూసుకోలే. తప్పు నాది."

"ఇన్నేళ్ళ అనుభవంతో మీరు చూసేది ఇదా మేడం?" అన్నాడాయన. ఆవిడ నాతో, "నీ తీసెయ్యే" అన్నారు.

"దాని బదులు ఏం పెట్టను మేడం?"

"ఆమె పాడుతది గద. విని పెట్టు."

మైకు కట్టయిపోయింది. ఆ అమ్మాయి పై సా అందుకోగానే నీ వదిలేసి ఒక మెట్టు కిందనున్న ధా పట్టుకున్నాను. గొంతు కుదురుగా నిలబడిపోయింది. నా ప్రాణం లేచొచ్చింది.

ఆ రికార్డింగ్ థియేటర్ నుంచి నాకు మళ్ళీ పిలుపు వచ్చింది, తర్వాత కూడా వస్తూనే ఉంది. నాన్న మాదాపూర్ ఊసెత్తడం మానేశారు. మేడంకి మాత్రం ఆ దర్శకుడి నుంచి ఇంకెప్పుడూ కబురు రాలేదు. సంగతి తెలిసి కోపంతో వాళ్ళింటికి పరిగెత్తాను.

"నాకు సైగ చేస్తే చాలు కదా మేడం, మార్చేసేదాన్ని! అందరిముందూ ఎందుకు చెప్పుకున్నారు?"

"సైగ జేస్తె నువ్వు మారుస్తుంటివి, పాట మంచిగనే వస్తుండె" అన్నారు, పియానో మీద దుమ్ము తుడుస్తూ. "ఆ పాప మాత్రం తన గొంతే మంచిగ లేదనుకుంట ఇంటికి పోతుండె."

ఇప్పుడు అద్దం అవతల కూర్చునేది నేను. పాడేవాళ్ళు తడబడితే ముందు వాద్యాలన్నీ ఆపించి వట్టి గొంతు వింటాను. తప్పు నా కూర్పుదైతే మైకు మీట నొక్కి అందరూ వినేలా చెబుతాను. ఆ రోజు ఆవిడ ఎంత తేలిగ్గా అనేశారో అనుకున్నాను. తేలికేం కాదు, ఇప్పటికీ మీట మీద పెట్టిన వేలు ఒకసారి వెనక్కి తీశాకే నొక్కుతాను.