తగ్గని ఆయిలు

నార్కట్‌పల్లి జంక్షన్‌లో ఇంజన్ ఆయిలు అమ్మే ఆమెను డ్రైవర్లందరూ అక్క అనేవాళ్లు. ఎవరికైనా డబ్బా ఇచ్చే ముందు, వాళ్ల బండిలోని పాత ఆయిలు ఒక చుక్క పేపరు మీద వేయించి, అది ఇంకేదాకా చూస్తూ కూర్చునేది. ఎంత తొందరపెట్టినా సరే.

నా లారీకి అప్పటికే ఇరవై ఏళ్లు. మర్రిగూడ నుంచి పత్తి లోడుతో వస్తుంటే ఆయిల్ ప్రెషర్ ముల్లు పడిపోసాగింది. చిక్కటి ఆయిలు పోస్తే లేస్తుందని తోటి డ్రైవర్లు చెప్పారు. అదే అడిగాను.

"ఆయిలెంత తింటాంది తమ్మీ?" అంది.

"చుక్క తగ్గుతలేదక్కా. ఈ నడుమ జర ఎక్కువనే కనవడుతాంది," అన్నాను గర్వంగా.

ఆమె నవ్వలేదు. పేపరు మీద నా చుక్కను చూసింది. నల్లటి మచ్చ చుట్టూ పల్చటి తడి పాకుతోంది. వాసన చూసి నాకు అందించింది. డీజిల్ వాసన.

"ముసలి బండి తినకుంట లావైతాందంటే అది రోగం. ఆయిల్ల డీజిల్ కలుస్తాంది, గందుకే ప్రెషర్ పడుతాంది. చిక్కటిది పోస్తే ముల్లు లేస్తది, రోగం దాగుతది. గిట్లనే నడిపితే ఇంజన్ సీజైతది. మెకానిక్‌తోని డీజిల్ పంపు ఇప్పించు," అని డబ్బాను మళ్లీ అరలో పెట్టేసింది.

మెకానిక్ విప్పితే డీజిల్ పంపు సీలు చిరిగి ఉంది. లారీ దగ్గరికి కూడా రాకుండా, కుర్చీలోంచే ఆమె దాన్ని ముందే పట్టేసింది.

సీలు మార్చాక ఆమె దగ్గరే ఎప్పుడూ పోసే ఆయిలే పోయించుకున్నాను. ఇప్పుడు నా లారీ నెలనెలా కొంచెం ఆయిలు తాగుతోంది. కొలత తగ్గినప్పుడల్లా నాకు నిశ్చింతగా ఉంటుంది.